గోడ మీద సముద్రం కాదు, చేతికి ముగ్గుపిండి

ఈ మధ్య ఒక సదస్సులో, మానసిక వైద్యశాలల్లో సెన్సరీ రూములు పెట్టాలంటూ ఒకాయన స్లైడ్లు వేసి చూపించాడు. మెత్తటి వెలుతురు, నీటి బుడగల గొట్టాలు, గోడ నిండా సముద్రం బొమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మాది తడ. చిన్నమ్మ వాకిట్లో ముగ్గేస్తే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మనసు చెదిరినప్పుడు ఆమెను రైలెక్కించి ఒక ఆసుపత్రిలో చేర్చారు. మూడోవారం చూడబోతే గుండు చేయించేసి ఉంది. పేలు పడతాయట! గంజిలో వేలు ముంచి నేల మీద చుక్కలు పెడుతోంది. "ఒట్టి నేల చూస్తా ఉంటే చేతులు ఊరుకోవు మే" అంది. కేసు షీటులో మాత్రం అది రోగ లక్షణం. వాకిట్లో వేస్తే కళ, వార్డులో వేస్తే పిచ్చి!

సెన్సరీ రూముకు నేను వ్యతిరేకిని కాను. 1970లలో నెదర్లాండ్స్‌లో, మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం మొదలైన ఆలోచన ఇది. ఉద్రేకం పెరిగినప్పుడు కట్టేయకుండా, మత్తివ్వకుండా మనిషి తనంతట తాను నెమ్మదించే చోటు కావాల్సిందే. కానీ ఆ తలుపు గడియ ఎటువైపు ఉంటుంది? బయట ఉంటే అది రంగులేసిన చీకటి కొట్టే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏకాంత నిర్బంధాన్నీ, బలవంతపు గుండునూ వద్దంది. సొంత బట్టలు కట్టుకోనివ్వమంది, నెలసరి అవసరాలు తీర్చమంది. ఇవి అందని వార్డులో బుడగల గొట్టం ఎవరి కళ్ళకి విందు?

అసలు ఆ గదిలో బొమ్మ ఎవరిది? బ్రెజిల్‌లో నీజి ద సిల్వేరా అనే డాక్టరు, కరెంటు షాకులివ్వనని ఎదురుతిరిగి, 1946లో రోగుల చేతికి రంగులూ మట్టీ ఇచ్చింది. వాళ్ళ బొమ్మలతో 1952లో రియో డి జనీరోలో మ్యూజియమే పెట్టింది. ఆమె వాళ్ళని బొమ్మల ముందు కూర్చోబెట్టలేదు, బొమ్మలు వేసేవాళ్ళుగా గుర్తించింది.

మనకు శ్రీకాళహస్తి పక్కనే ఉంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట వాసన, వెదురు కలం పట్టు, బెల్లమూ ఇనుమూ పులియబెట్టిన నలుపు, రంగులు తేలేలా నీళ్ళలో జాడించడం - కంటికీ ముక్కుకీ చేతికీ ఇంతకన్నా ఏం కావాలి?

"పుల్లతో పొడుచుకుంటే?" అంటారు. నిజమే, ప్రమాదమే. అయితే పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆమెకు నెలనెలా జీతమివ్వండి. గదికైతే దాత పేరు చెక్కిన రాయి పెట్టొచ్చు. జీతానికి ఏ రాయీ ఉండదు. అందుకే గదులొస్తాయి, మనుషులు రారు.

చిన్నమ్మ ఇంటికొచ్చాక రెండేళ్ళు ముగ్గు ముట్టలేదు. వేస్తే మళ్ళీ పంపించేస్తామేమోనని భయం. ఆ భయాన్ని ఏ నీలి దీపం పోగొడుతుంది? గది కట్టేముందు ఆ వార్డులో ఉన్న ఆడవాళ్ళను అడగండి. వాళ్ళ చేతులకు ఏం కావాలో వాళ్ళే చెబుతారు.