పద్దుకెక్కని సేవ
1864 జూలై. అమెరికా అంతర్యుద్ధం సాగుతోంది. సౌత్ కరోలినా తీరంలో ఒక కోట మీద దాడికి వెళ్లిన నల్లజాతి సైనికులను కాళ్లు, పాదాలు తెగిన స్థితిలో శిబిరానికి మోసుకొచ్చారు. వాళ్ల నోటికి హితవుగా ఏదైనా పెడదామంటే, శిబిరంలో సేవ చేస్తున్న నల్లజాతి అమ్మాయి సూసీ కింగ్ టేలర్ దగ్గరున్నవి కొన్ని పాల డబ్బాలు, తాబేటి గుడ్లు. వాటితోనే కస్టర్డ్ చేసి పెట్టారు. అప్పటికి ఆమెకు పదహారేళ్లు కూడా నిండలేదు.

సైన్యం రికార్డుల్లో మాత్రం ఆమె నర్సు కాదు, బట్టలుతికే మనిషి. నిజానికి ఆమె ఉతికింది తక్కువే. మశూచి సోకిన సైనికుడికి సేవ చేశారు, తుపాకులు శుభ్రం చేశారు, బానిసత్వం నుంచి బయటపడిన సిపాయిలకు అక్షరాలు దిద్దించారు. నాలుగేళ్ల మూడు నెలలు ఒక్క డాలరు కూడా తీసుకోలేదని 1902లో వెలువడిన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అదీ నిష్ఠూరంగా కాదు, ఇష్టపడే చేశానంటూ.

రికార్డులోని ఆ ఒక్క మాట ఖరీదెంతో 1892లో తేలింది. యుద్ధం ముగిసిన 27 ఏళ్లకు అమెరికన్ కాంగ్రెస్ సైనిక నర్సులకు నెలకు 12 డాలర్ల పింఛను మంజూరు చేసింది. కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి, అదీ నర్సుగా గుర్తింపు ఉండాలి. ఉతుకుడు పద్దులో ఉన్నవారికి ఆ చట్టంలో చోటు లేదు.

టేలర్‌ను ఉతుకుడు పద్దులో రాయడం గుమాస్తా పొరపాటంటే ఒప్పుకోలేం. అదే యుద్ధంలో సైనిక నర్సుల పర్యవేక్షకురాలు డొరోథియా డిక్స్ ఆధ్వర్యంలోని నర్సులకు రోజుకు 40 సెంట్ల వేతనం ఉంది. వయసు, దుస్తుల రంగు, చివరికి నగల మీద కూడా నిబంధనలున్నాయి. నగల సంగతి దాకా ఆలోచించిన యంత్రాంగానికి, క్షతగాత్రుల పక్కన కూర్చున్న నల్లపిల్లను ఏ పద్దులో రాయాలో తోచలేదా? కాదు, రాస్తే జీతమివ్వాలి. జీతమిస్తే హక్కు పుడుతుంది. 'స్వచ్ఛందం' అన్న మాటను పొగడ్తగా వాడి బాకీ ఎగ్గొట్టడం అక్కడితో ఆగిపోలేదు. మన దేశంలో 2005లో ఆశా పథకం మొదలైనప్పటి నుంచి ఊళ్లలో ఆరోగ్య సేవలందించే ఆ కార్యకర్తలనూ స్వచ్ఛంద సేవకులనే అంటున్నాం. వాళ్లకిచ్చేదాన్ని జీతం అనకుండా జాగ్రత్తపడుతున్నాం.

టేలర్ 1912లో బోస్టన్‌లో కన్నుమూశారు. నర్సు పింఛను ఆమెకు చివరిదాకా అందలేదు.