బాగా బోధించే పంతులుకు జీతంలో గుర్తింపు ఏది?

సర్కారు బడిలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)గా చేరిన ఉపాధ్యాయుడి ముందున్న దారి ఒక్కటే. సీనియారిటీ జాబితాలో వంతు వస్తే స్కూల్ అసిస్టెంట్ అవుతారు, ఆ తర్వాత హెడ్‌మాస్టర్. వంతు రాకపోతే 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లతో సరిపెట్టుకోవాలి. ఈ మెట్లలో ఎక్కడా ఆయన పాఠం ఎలా చెబుతున్నారన్న ప్రశ్న ఎదురుకాదు. హెడ్‌మాస్టర్ పదోన్నతి కోసం రాసే జీవో టెస్టు, ఈవో టెస్టు శాఖ నిబంధనలు, ఖాతాల లెక్కలు అడుగుతాయి. తీసివేతలో అప్పు తెచ్చుకోవాల్సిన చోట మూడో తరగతి పిల్ల ఎందుకు తడబడుతుందో, ఆ తడబాటును ఎలా పోగొట్టాలో అడగవు. పదోన్నతి వచ్చాక జరిగేది ఇంకా బాధాకరం. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న మంచి టీచరు రోజులో ఎక్కువ భాగం బిల్లులు, రిజిస్టర్లు, సమావేశాల మధ్య గడపాల్సి వస్తుంది. తరగతి గదిలోనే ఉండి ఎదిగే దారి మన వ్యవస్థలో లేదు. సెప్టెంబరు 5న ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం గౌరవమే, కానీ అది కొద్దిమందికి దక్కేది, ఏ ప్రమాణంతో దక్కిందో మిగతావారికి తెలియనిది. బోధనా నైపుణ్యాన్ని నిక్కచ్చిగా పరీక్షించి, నెగ్గినవారికి ధ్రువపత్రం ఇచ్చి, దానికి జీతంలో విలువ కట్టే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇప్పుడు అవసరం.

అమెరికాలో ఈ ప్రయత్నం 1987లో మొదలైంది. నార్త్ కరోలైనా గవర్నరుగా పనిచేసిన జేమ్స్ హంట్ తొలి అధ్యక్షుడిగా నేషనల్ బోర్డ్ ఫర్ ప్రొఫెషనల్ టీచింగ్ స్టాండర్డ్స్ అనే ప్రభుత్వేతర సంస్థ ఏర్పడింది. ఉద్యోగంలో చేరడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కనీస అర్హత మాత్రమే. బోర్డు పత్రం అంతకు పై స్థాయిది, ఇష్టమైనవారే దానికి పోటీపడతారు. పరీక్షలో నాలుగు భాగాలు. ఒకటి సబ్జెక్టు పరిజ్ఞానం. మిగతా మూడూ టీచరు సొంత తరగతి నుంచే రావాలి: పిల్లల రాతపని నమూనాలతో పాటు వాటిని చూసి పాఠాన్ని ఎలా మార్చుకున్నారన్న వివరణ, తరగతిలో పాఠం నడిచిన తీరు చూపే వీడియో, పరీక్షల ఫలితాలను తర్వాతి బోధనకు ఎలా వాడుకున్నారో తెలిపే విశ్లేషణ. వీటిని దిద్దేది ఆ సబ్జెక్టు చెప్పే తోటి ఉపాధ్యాయులే. ఇప్పటికి లక్షా 30 వేల మందికి పైగా ఈ పత్రం పొందారు. అది శాశ్వతం కూడా కాదు, గడువు తీరేలోపు తమ పనిని మళ్లీ చూపించి నిలబెట్టుకోవాలి.

పత్రం ఇచ్చేది బోర్డు, దానికి విలువ కట్టేది రాష్ట్రాలు. నార్త్ కరోలైనా జీతం మీద 12 శాతం అదనంగా ఇస్తుంది. మేరీల్యాండ్ ఏడాదికి 10,000 డాలర్లు పెంచి, ఫలితాలు బలహీనంగా ఉన్న బడిలో పనిచేస్తే మరో 7,000 కలుపుతోంది. వాషింగ్టన్ రాష్ట్రం 2007లో చేసిన ఏర్పాటు మనకు ఎక్కువ పనికొస్తుంది. పత్రం ఉన్న ప్రతి టీచరుకూ ఏటా 5,000 డాలర్ల బోనసు, పేద పిల్లలు ఎక్కువగా చదివే బడిలో ఉంటే అదనంగా మరో 5,000 వరకు. పరీక్ష ఫీజు 1,900 డాలర్లు కాబట్టి, చిన్న జీతాలవారు వెనకబడకుండా ఆ రాష్ట్రం ఫీజుకు ముందుగా అప్పు ఇచ్చే పథకం కూడా పెట్టింది. మన దగ్గర మారుమూల బడికి ఎవరూ కోరి వెళ్లరు. బదిలీల కౌన్సెలింగ్‌లో పాయింట్లు కలిపినా ఏజెన్సీ మండలాల్లో ఖాళీలు మిగులుతూనే ఉంటాయి. నిరూపించుకున్న నైపుణ్యానికి, కష్టమైన చోటుకు కలిపి డబ్బు ఇవ్వడమన్నది మనం ఇంతవరకు ప్రయత్నించని మార్గం.

దీనివల్ల పిల్లల చదువు బాగుపడిందా? ఈ ప్రశ్నను దాటేసి వాదించడం నిజాయితీ కాదు. అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ 2008లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించింది. పత్రం పొందిన టీచర్ల దగ్గర చదివిన పిల్లలు కొంత మెరుగ్గా రాణిస్తున్నారని తేల్చింది. అయితే ఆ ప్రక్రియ టీచర్లను మెరుగుపరిచిందా, లేక ముందే బాగా చెప్పేవారిని గుర్తించిందా అన్నదానిపై గట్టి ఆధారం లేదని కూడా చెప్పింది. వాషింగ్టన్ బోనసును పరిశీలించిన ఆర్థికవేత్తలు కోవాన్, గోల్డ్‌హేబర్ పేద బడుల్లో ధ్రువపత్రం ఉన్న టీచర్ల సంఖ్య పెరిగిందని చూపారు. ఆ బడుల మొత్తం ఫలితాలు పెరిగినట్టు మాత్రం వారికి కనబడలేదు. కాబట్టి ఈ పత్రం వచ్చిన మరుసటి ఏడాదే పదో తరగతి ఉత్తీర్ణత ఎగబాకుతుందని ఏ ప్రభుత్వమూ ప్రకటించకూడదు. అయినా గుర్తించడం చిన్న పని కాదు. ఒక మండలంలో తెలుగు చదవడం బాగా నేర్పే పదిమంది ఎవరో ఆధారంతో తెలిస్తే, కొత్తగా డీఎస్సీలో వచ్చినవారిని వారి వెంట ఉంచవచ్చు. కాంప్లెక్స్ సమావేశాలు వారి చేతుల్లో పెట్టవచ్చు. ఇప్పుడు ఆ పేర్లు తోటి టీచర్లకు తెలుసు, శాఖకు తెలియవు.

డబ్బు ఆశ చూపితే టీచరు మారతాడా అని పెదవి విరిచేవారికి మన గడ్డ మీదే సమాధానం ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. పిల్లల మార్కుల్లో పెరుగుదలను బట్టి టీచర్లకు చిన్న బోనసు ఇచ్చారు. అది సగటున వార్షిక జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ మిగతా బడుల పిల్లలను స్పష్టంగా దాటారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మరో ఫలితం. ఎక్కువ చదువు, శిక్షణ ఉన్న టీచర్ల ప్రభావం ప్రోత్సాహకం ఉన్న బడుల్లో కనిపించింది, లేని బడుల్లో కనిపించలేదు. అర్హత ఒక్కటే చాలదు, దాన్ని పనిలో పెట్టడానికి కారణం కూడా ఉండాలన్నమాట. అలాగని మార్కులకు బోనసు ముడిపెట్టమని నేను అనను. ర్యాంకుల ఒత్తిడిలో ఇప్పటికే నలుగుతున్న రాష్ట్రాల్లో అది బట్టీకి, కాపీకి దారి తీస్తుంది. బోధనను నేరుగా చూసి విలువ కట్టడం అంతకన్నా సురక్షితం.

ఉపాధ్యాయ సంఘాల అనుమానాలకు బలమైన కారణాలున్నాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పుతో, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) నెగ్గకుండా పనిచేస్తూ, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవారంతా రెండేళ్లలో అది నెగ్గాల్సిన పరిస్థితి వచ్చింది. ఆ ఆందోళనలో ఉన్నవారి ముందు ఇంకో పరీక్ష పెడితే కోపం రావడం సహజం. పైగా జాతీయ విద్యావిధానం 2020 పదోన్నతులు, జీతాల పెంపు సీనియారిటీ మీద కాక పనితీరు మదింపు మీదే ఉండాలంటోంది. ఈ విషయంలో ఆ విధానంతో నేను విభేదిస్తాను. సీనియారిటీ వల్ల వచ్చే స్కేళ్లు పక్షపాతం నుంచి టీచరుకు ఉన్న రక్షణ. వాటిని తీసేయకుండా పైన మరో మెట్టు కట్టాలి, ఎక్కడం స్వచ్ఛందంగా ఉండాలి, నెగ్గలేకపోయినవారికి ఏ నష్టమూ ఉండకూడదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2021 నాటి ప్రమాణాల ముసాయిదాలో ప్రగామి, ప్రవీణ్, కుశల్, ప్రముఖ్ అనే దశలను ప్రతిపాదించింది. కొత్త పత్రానికి ఆ చట్రం పునాదిగా సరిపోతుంది.

సిఫార్సుల బెడద ఉండదా అంటే, జవాబు మూల్యాంకనం ఏర్పాటులో ఉంది. దిద్దేవారు వేరే జిల్లా టీచర్లై ఉండాలి, వీడియోలో కనబడటం తప్ప అభ్యర్థి పేరు, బడి వారికి తెలియకూడదు, ఇద్దరి మార్కులు పొసగకపోతే మూడో వ్యక్తి చూడాలి. బీఎడ్ రికార్డులు డబ్బిచ్చి రాయించుకునే అలవాటు ఉన్న చోట పిల్లల నోటుపుస్తకాలు కూడా తయారవుతాయన్న భయం న్యాయమైనదే. అందుకే కత్తిరింపులు లేని వీడియో తప్పనిసరి చేయాలి, కొన్ని బడులను చెప్పకుండా వెళ్లి చూడాలి. హాజరు, మధ్యాహ్న భోజనం యాప్‌లతోనే సమయం గడిచిపోతున్న టీచరుకు ఈ పని చేసుకోవడానికి వారంలో కొన్ని పీరియడ్లు ఇవ్వాలి. ఫీజు ప్రభుత్వమే భరించాలి. ఖర్చు గురించి బెంగపడాల్సినంత లేదు. కఠినమైన పరీక్ష కాబట్టి తొలి ఏళ్లలో నెగ్గేవారు తక్కువే ఉంటారు, భారం నెమ్మదిగానే పెరుగుతుంది.

ప్రాథమిక తరగతుల తెలుగు, గణితంతో, ఏజెన్సీ మండలాలకు అదనపు భత్యంతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వం తనంతట తాను రూపొందిస్తే అది పైనుంచి దిగిన మరో ఉత్తర్వు అవుతుంది, టీచర్లు నమ్మరు. అందుకే వేతన సవరణ సంఘం (పీఆర్సీ) ముందు పెట్టే కోర్కెల్లో ఫిట్‌మెంట్, డీఏ బకాయిల పక్కనే బోధనా నైపుణ్య ఇంక్రిమెంటును కూడా చేర్చి, దాని నిబంధనలు రాసే కమిటీలో సగం కుర్చీలు తరగతిలో పాఠం చెప్పేవారికే కావాలని ఉపాధ్యాయ సంఘాలే ముందుగా అడగాలి.