ఐవీఎఫ్ బిడ్డ మీద రాయి వేసే ముందు

"టెస్ట్ ట్యూబ్ పిల్లలకు ఆత్మ ఉంటుందా, పాస్టరు గారూ?" మన యూత్ మీటింగుల్లో ఈ ప్రశ్న ఇంకా వస్తోంది. అడిగే పిల్లలది తప్పు కాదు. అలాంటి పిల్లలు బుద్ధిమాంద్యంతో పెరుగుతారనీ, వాళ్లకు కన్నవాళ్ల మీద ప్రేమ ఉండదనీ కొందరు బోధకులు పుల్పిట్ మీద నుంచే చెబుతున్నారు. ఎక్కడ చదివారని అడగండి, జవాబు రాదు.

1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టిన లూయీస్ బ్రౌన్ ఈ పద్ధతిలో పుట్టిన మొదటి బిడ్డ. ఆమె 2006లో మామూలుగానే గర్భం ధరించి తల్లి అయింది. ఆమె పుట్టిన ఏడాదే అక్టోబరులో, కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో మన దేశపు మొదటి పాప పుట్టింది. ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు. అవమానాలు భరించలేక 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ముప్పు అసలే లేదని నేను అనను. ఒకేసారి రెండు మూడు పిండాలను గర్భంలో పెడితే కవలలో, ముగ్గురో పడతారు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుడతారు. చూపు, నడక, చదువు దగ్గర ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది అలా పుట్టిన పిల్లలకే. ఒక్క పిండమే పెడితే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. కానీ అప్పు చేసి వచ్చిన దంపతులు ఏమంటారు? "రెండు పెట్టండి డాక్టర్ గారూ, మళ్లీ డబ్బు కట్టలేం." బిడ్డకు హాని చేస్తున్నది ఈ బీదరికమూ, దాని మీద నడిచే వ్యాపారమూ.

మరో హాని మన ఇళ్లలోనే ఉంది. దాత అండంతోనో, వీర్యంతోనో, సరొగసీతోనో పుట్టిన పిల్లలను బ్రిటన్ పరిశోధకురాలు సూసన్ గోలంబాక్ బృందం ఇరవై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. మిగతా పిల్లలకంటే వాళ్ల మానసిక ఆరోగ్యం తక్కువేమీ కాదని 2023లో ప్రకటించింది. ఏడేళ్లలోపే నిజం తెలిసిన పిల్లల ఇళ్లలో సంబంధాలు ఇంకా మెరుగ్గా ఉన్నాయట. మనమేం చేస్తున్నాం? ఆసుపత్రి మాట దాచి, ప్రార్థన ఒక్కటే పనిచేసిందని సంఘంలో సాక్ష్యం చెప్పిస్తున్నాం. ఆ పిల్ల పదిహేనేళ్లప్పుడు ఏదో ఆస్తి తగాదాలో మేనత్త నోట నిజం వింటుంది. హన్నా ఏడుపును ఏలీ తాగిన మత్తు అనుకున్నాడు. ఆయనా యాజకుడే.

ఇంతకీ అండం ఇచ్చేది ఎవరు? శారా ఇంట్లో హాగరుకు మాట లేదు, ఇప్పుడూ లేదు. దాతకు 23 నుంచి 35 ఏళ్లు ఉండాలనీ, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలనీ 2021 చట్టం చెబుతోంది. మరుసటి ఏడాదే మన తమిళనాడులో, ఈరోడ్‌లో, 16 ఏళ్ల బాలిక చేత దొంగ ఆధార్‌తో మళ్లీ మళ్లీ అండాలు అమ్మించిన సంగతి బయటపడింది. కన్నతల్లే అరెస్టయింది. బంగళాల్లోని ఆడపిల్లకు ఆ గతి పట్టదు. ఐవీఎఫ్ పాపమని గొంతు చించుకునే బోధకుల్లో, ఆ అమ్మాయి గురించి ఏ కన్వెన్షన్‌లోనైనా ఒక్క మాట మాట్లాడినవాళ్లు ఎందరు?