పిన్ను కాదు, సరిహద్దు కావాలి

వక్ఫ్ ఆస్తుల సభలలో ఎకరాల లెక్క వినిపించినంతగా హద్దుల లెక్క వినిపించదు. ఫలానా సర్వే నంబరులో ఇన్ని ఎకరాలని వక్తలు చెబుతారు, సభ తల ఊపుతుంది. ఆ భూమి తూర్పు హద్దు ఎక్కడో చూపమంటే వేదిక మీద గానీ కింద గానీ జవాబు ఉండదు. ఆక్రమించినవాడికి మాత్రం అది అడుగులతో సహా తెలుసు.

ఈ నిర్లక్ష్యానికి ఇకమీదట వ్యవధి లేదు. వక్ఫ్ భూమిని తిరిగి పొందే దావాలకు కాలపరిమితి చట్టం వర్తించదని 1995 చట్టంలోని 107వ సెక్షన్ చెప్పేది. 2025 సవరణ దానిని తొలగించింది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులు ఈ మార్పును నిలిపివేయలేదు. అంటే ఖబరస్తాన్ గోడను పక్కవాడు లోపలికి జరిపిన నాటి నుండి 12 ఏళ్ల గడియారం మన మీద కూడా నడుస్తుంది. గోడ జరిగిందని తెలియాలంటే అది మొదట ఎక్కడ ఉండాలో తెలియాలి కదా!

2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్ ఆస్తుల కొలతలను, జియోట్యాగింగ్‌ను అడిగింది. ఇచ్చిన గడువు 6 నెలలు. సర్వే కమిషనర్ల ద్వారా ప్రభుత్వమే చేయించవలసిన పనిని దశాబ్దాలు సాగదీసి, చివరకు ముతవల్లీ నెత్తిన పడవేయడం అన్యాయమని మేము అంటున్నాము. అయినా మసీదు గుమ్మం ముందు నిలబడి ఫోనులో పెట్టిన పిన్ను భూమి ఉన్న చోటును చెబుతుందే తప్ప, దాని విస్తీర్ణాన్ని చెప్పదు.

మణికొండ జాగీరును తలచుకోండి. దర్గా హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరిట 1989 గెజిట్‌లో చూపినది 5,506 చదరపు గజాలు. 17 ఏళ్ల తరువాత, 2006లో, సవరణ ప్రకటన దానిని 1,654 ఎకరాల 32 గుంటలుగా చూపింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. జాగీర్ల రద్దు వంటి పెద్ద ప్రశ్నలపై నడిచిన ఆ కేసును ఒక్క పటం గెలిపించేదని మేము అనము. కానీ మొదటి కాగితంలోని కొలతకు, తరువాతి వాదనకు మధ్య అంత దూరం ఉన్నప్పుడు, ఆ దూరాన్నే ఎదుటి పక్షం ఆయుధం చేసుకుంటుంది.

కావలసిన పని ప్రతి మసీదు కమిటీకి సాధ్యమైనదే. ఆంధ్రలో ఎఫ్.ఎం.బి. నకలు, తెలంగాణలో టిప్పన్, గ్రామ నక్షా నకళ్లు సర్వే శాఖ నుండి తీసుకోవాలి. నేల మీద మిగిలిన సరిహద్దు రాళ్లను, ముఖ్యంగా మూడు ఊళ్ల హద్దులు కలిసేచోటి రాయిని, వెదకి వాటి అక్షాంశ రేఖాంశాలను గుర్తించాలి. ఉచితంగా లభించే క్యూజీఐఎస్‌లో పాత పటాన్ని ఆ రాళ్లకు సరిపోల్చి, హద్దు గీత గీసి, కేఎంఎల్ ఫైలుగా దాచుకుంటే అది గూగుల్ ఎర్త్‌లో ఉపగ్రహ చిత్రం మీద పరచుకుంటుంది. డిగ్రీ చదువుతున్న మన పిల్లలు దీనిని త్వరగానే నేర్వగలరు. ఉపగ్రహ చిత్రం మీద వేలితో ఎర్రగీత గీసి వాట్సాప్‌లో తిప్పే పని మాత్రం వద్దు. అది పక్కవాడి న్యాయవాదికి మనమిచ్చే కానుక.

ఫోను జీపీఎస్ బయలు ప్రదేశంలోనే కొన్ని మీటర్లు తప్పుతుంది. 100 మీటర్ల హద్దు 5 మీటర్లు జరిగితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు, తెలంగాణ లెక్కలో దాదాపు 5 గుంటలు. చిన్న పల్లెలో అది ఖబరస్తాన్‌లో పెద్ద భాగమే కావచ్చు. కనుక ఈ పటం హక్కుపత్రం కాదు, కోర్టులో తుది సాక్ష్యమూ కాదు. మరెందుకంటారా? స్కెచ్ లేని దరఖాస్తు ఏ బల్ల మీద ఎంతకాలం నిద్రపోతుందో కార్యాలయాలలో జీవితం గడిపినవారికి తెలుసు. గీత చూపి, "ఇక్కడ తేడా ఉంది, కొలవండి" అని రాతపూర్వకంగా అడిగినవారికి జవాబు ఇవ్వక తప్పదు.

పటం బయటపెడితే తగాదాలు వస్తాయని మనలోనే కొందరు పెద్దలు అంటున్నారు. తగాదా ఇప్పటికే ఉంది. మన పక్షం హాజరు కావడం లేదు, అంతే. గీత లోపల తమ బంధువుల దుకాణాలు తేలుతాయని జంకే ముతవల్లీలు కూడా లేకపోలేదు. వారి కోసం గీత గీయడం మానలేము.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుండి డ్రోన్లతో, రోవర్లతో రీసర్వే జరిగింది. రోవరు కొలత సెంటీమీటర్లలో ఉంటుంది. రీసర్వే ముగిసిన గ్రామాలలో ప్రతి వక్ఫ్ కమతం మూలల అంకెలు ప్రభుత్వం వద్ద ఉన్నట్లే. వాటిని ఆయా కమిటీలకు ఉచితంగా ఇప్పించవలసిన బాధ్యత వక్ఫ్ బోర్డుది. తెలంగాణ బోర్డు జిల్లాకు ఒక రోవరునూ, ఒక లైసెన్సు పొందిన సర్వేయరునూ నియమించి, ఖబరస్తాన్లతో కొలత మొదలుపెట్టాలి. వచ్చే రంజాన్‌లోగా ఏ జిల్లాలో ఎన్ని కొలిచారో రెండు బోర్డులనూ మేము రాతపూర్వకంగా అడుగుతాము.