లోగా... దాకా...

నిరుడు మా అమ్మాయి స్కూలుకి ఓ చీటీ రాశాను - 'ఐ విల్ పే ద ఫీజ్ టిల్ మండే' అని. గుమాస్తా దాన్ని పైకి చదివి, "సోమవారం దాకా కడుతూనే ఉంటారా అమ్మా?" అని నవ్వాడు. పక్కనున్న పిల్ల తల దించుకుంది. ఇంటికొచ్చాక, "ఇకమీదట చీటీలు నాన్నచేత రాయించమ్మా" అంది.

తప్పే, కాదనను. 'బై మండే' అనాలి. కానీ సోమవారంలోగా కట్టడానికీ, సోమవారం దాకా కట్టడానికీ తేడా నాకు తెలీదా? పాలవాడితో రోజూ అంటూనే ఉంటానే! లోగా అంటే 'బై', దాకా అంటే 'టిల్' అని ఒక్క మేష్టారైనా చెప్పారా? 'ఐ' పక్కన 'షల్', 'హి' పక్కన 'విల్' అని బెత్తం పుచ్చుకుని వల్లె వేయించారంతే. ఆ 'షల్' ఇప్పుడు మామూలు మాటల్లో ఎక్కడోగానీ వినపడదు! 'వెన్ హి కమ్స్' అన్నచోట 'విల్' రాదనీ చెప్పలేదు. మన 'వచ్చినప్పుడు'లో మాత్రం 'వస్తాడు' ఉందా?

తెలుగుని గుమ్మం బయట నిలబెట్టి ఇంగ్లీషు నేర్పడమంటే, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమే. మన భాషతో పోల్చి చెప్పండి, ఇట్టే పట్టుబడుతుంది.

ఈ సోమవారంలోగా ఇంకో చీటీ పంపాలి. నేనే రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వనీండి!