సెలవు ముందా, ఋతువు ముందా?

ప్రయాణమునకు మంచి వేళ చూచుకొనుట మన దేశములో అనాదిగా ఉన్న అలవాటు. వారము, వర్జ్యము చూచి కదలువారు కొందరు. ఇస్తిఖారా నమాజు చేసి, మనస్సు ఒక నిర్ణయమునకు వచ్చిన పిదప కదలువారు కొందరు. ఈనాటి యువకుడు ఈ రెండింటిని కాక సెలవుల పట్టికను చూచును. సెలవు ఎప్పుడు దొరికిన అప్పుడే ప్రయాణము. హైదరాబాదు నుండి విజయవాడకు పోవువానికి ఈ పద్ధతి వలన పెద్ద నష్టము లేదు. ఆస్ట్రేలియా ఖండపు లోపలి భూములలో మాత్రము ఇది ప్రాణముల మీదికి తేగలదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి మన కళాశాల అని కొందరు ప్రశ్నింపవచ్చును. మా వద్ద చదివినవారిలో కొందరు నేడు మెల్‌బోర్న్, సిడ్నీ నగరములలో పై చదువులు చదువుచున్నారు. మరికొందరు ఆ దారిలో ఉన్నారు. వారి మాటలలో ఒక కోరిక తరచుగా వినబడుచున్నది: డిసెంబరు సెలవులలో నలుగురు మిత్రులు కలిసి ఒక కారు అద్దెకు తీసుకొని, దేశము నడిబొడ్డున ఉన్న ఎర్రని కొండ ఉలూరును చూచి, అటు నుండి అటే ఉత్తరపు కొసనున్న డార్విన్ వరకు పోవలెనని. కోరిక మంచిదే, లోకము చూడని చదువు సగము చదువే. మా అభ్యంతరమెల్ల డిసెంబరు గురించియే.

సముద్రతీర నగరముల వెనుక వందల వేల కిలోమీటర్లు పరచుకొని ఉన్న, జనము మిక్కిలి పలుచనైన ఆ భూభాగమును అక్కడివారు ఔట్‌బ్యాక్ అందురు. దక్షిణమున పోర్ట్ ఆగస్టా నుండి ఉత్తరమున డార్విన్ వరకు దాని నడుమగా పోవు స్టూవర్ట్ రహదారి పొడవు సుమారు 2,700 కిలోమీటర్లు. 1987 వరకు ఆ దారి మొత్తమునకు తారు పడలేదు. ఒక పెట్రోలు బంకు దాటిన తరువాత మరొకటి రెండు వందల యాభై కిలోమీటర్లకు గాని కనబడని చోట్లు నేటికిని ఉన్నవి. ఇంత దూరములో ఒకే ఋతువు ఉండునని అనుకొనుటయే మొదటి పొరపాటు. డిసెంబరు, జనవరి మాసములలో దక్షిణమున మెల్‌బోర్న్ వేసవిని అనుభవించుచుండగా, ఉత్తరమున నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానకారు సాగును. డార్విన్‌లో ఏడాదికి సగటున 1,700 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో అత్యధిక భాగము ఈ కొద్ది మాసములలోనే పడును. విశ్వవిద్యాలయముల దీర్ఘమైన సెలవులు నవంబరు చివర మొదలై ఫిబ్రవరి చివరకు ముగియును. అనగా మన విద్యార్థికి తీరిక కలిగిన కాలమును, ఉత్తరపు దారులు మూతపడు కాలమును ఒక్కటే.

మాసము వేరు, ఋతువు వేరు అను సంగతి మనకు ఒకరు నేర్పవలసినది కాదు. రంజాను మాసమును మనము మండుటెండలలోను చూచినాము, వణికించు చలిలోను చూచినాము. మన రైతు కూడ జూన్ నెల వచ్చినదని నాగలి కట్టడు; మృగశిర కార్తె వచ్చినదా, మన్ను తడిసినదా అని చూచును. డార్విన్‌కు తూర్పుననున్న కకాడు ప్రాంతపు ఆదివాసులైన బినింజ్ ప్రజలును అట్టివారే. వారు ఏడాదిని ఆరు ఋతువులుగా లెక్కింతురు. మన షడృతువుల వలె సంఖ్య ఆరైనను వాటి తీరు వేరు. ఉరుములు, ఉక్కపోతలతో వానకు ముందు వచ్చు గునుమెలెంగ్. జనవరి నుండి మార్చి వరకు కుండపోతగా కురియు గుజెవ్గ్. ఏపుగా పెరిగిన గడ్డిని ఈదురుగాలులు నేలకూల్చు బంగెరెంగ్. ఆ పిదప తేమ తగ్గి, చల్లబడి, తిరిగి వేడెక్కు మరి మూడు. ప్రయాణము చేయదలచినవాడు గోడ మీది క్యాలెండరును పక్కన పెట్టి మొదట ఈ లెక్కను నేర్చుకొనవలెనని మా అభిప్రాయము.

ఈ లెక్కను పెడచెవిన పెట్టినవారి కథ ఒకటి ఆ దేశ చరిత్రలో చిరస్థాయిగా నిలిచియున్నది. 1860 ఆగస్టు 20న రాబర్ట్ ఓహారా బర్క్ నాయకత్వమున ఒక పెద్ద బృందము ఖండమును దక్షిణము నుండి ఉత్తరమునకు దాటుటకై మెల్‌బోర్న్ నుండి బయలుదేరినది. ధనమునకు కొదువ లేదు. కరాచీ రేవు నుండి ఓడలో తెప్పించిన ఒంటెలు, వాటిని తోలుటకు మన ఉపఖండపు మనుషులు, నెలల తరబడి సరిపోవు సరుకులు అన్నియు ఉన్నవి. కూపర్ క్రీక్ అను ఏటి ఒడ్డున విడిసి, వేసవి గడిచిన తరువాత ముందుకు సాగవలెననునది వివేకవంతమైన ఆలోచన. కాని మరొక అన్వేషకుడు తనకంటె ముందుగా ఆవలి తీరమును చేరునేమో అను తొందర బర్క్‌ను నిలువనీయలేదు. డిసెంబరు 16న, ఎండలు మండుచుండగా, ముగ్గురిని వెంటబెట్టుకొని ఉత్తరమునకు సాగినాడు. ఫిబ్రవరిలో ఉత్తర సముద్రపు పోటు నీరు తగులు చోటికి చేరినారు గాని వానకారు బురద, మడ అడవులు అడ్డుపడి సముద్రమును కన్నులారా చూడలేకపోయినారు. తిరుగుదారి పొడవునను వానలు, బురద, ఆకలి. నలుగురిలో గ్రే అనునతడు దారిలోనే మరణించినాడు.

కూపర్ క్రీక్ వద్ద మిగిలినవారికి మూడు నెలలు వేచియుండుడని చెప్పియుండగా, వారు నాలుగు నెలలకు పైగా కనిపెట్టుకొని ఉన్నారు. ఆ నలుగురిలో ఒకడు ఒంటెలు తోలు దోస్త్ మహమ్మద్. 1861 ఏప్రిల్ 21 ఉదయమున వారు ఆశ వదలుకొని, చెట్టు మొదట కొంత ఆహారమును పాతిపెట్టి వెళ్లిపోయినారు. అదే సాయంకాలము బర్క్, విల్స్, కింగ్ కాళ్లీడ్చుకొనుచు అక్కడికి చేరినారు! కొన్ని గంటల ఎడము. మరి రెండు నెలలకు బర్క్, విల్స్ ఆకలిచే మరణించినారు. కింగ్ మాత్రము యాండ్రువాంధా అను ఆదివాసుల ఆదరణ వలన బ్రతికినాడు. చుట్టును ఉన్న నేలలో ఏ కాలమున ఏమి దొరకునో ఎరిగినవారు వారు. ఈ కథలో ఒంటెలు తక్కువ కాలేదు, ధైర్యము తక్కువ కాలేదు. గడువు అనునది ఒకటి తలపై కూర్చున్నది. నేల ఆ గడువును ఎరుగదు.

నేటి ప్రయాణికుని తలపై కూర్చున్న గడువు కారును తిరిగి అప్పగింపవలసిన తేదీ, విమానపు టిక్కెట్టు. సోమవారము ఉదయము పనిలో చేరవలసినవాడు ఆదివారము సాయంకాలము దారికి అడ్డముగా నీరు పారుచున్నచో ఆగునా? "ఎంత లోతు ఉండును లే" అని ముందుకు నడుపును. అడుగు లోతు ప్రవాహము చిన్న కారును తేల్చి కొట్టుకొనిపోగలదని అతనికి తెలియక కాదు. ఆగుటకు వ్యవధి లేదు. 2024 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున మౌంట్ ఐసా సమీపమున వరదలో చిక్కిన కారులో ఒక భారతీయ మహిళ ప్రాణములు కోల్పోయినది. ఆమె ఎట్టి పరిస్థితిలో ఆ నీటిలో దిగినదో మేము విచారింపబోము. అట్టి వార్త మన ఊరి ఏ గడపకును రాకూడదని మాత్రము కోరుకొందుము.

నాలుగు చక్రములకును బలము గల జీపు ఉన్నదిగదా అనువారు మన నల్లరేగడిని జ్ఞాపకము చేసికొనవలెను. వాన పడిన రేగడి చేనిలో ఎడ్లబండి చక్రము ఏమగునో పల్లె నుండి వచ్చిన ప్రతి విద్యార్థి ఎరుగును. క్వీన్స్‌లాండ్ పశ్చిమ భాగమునను, బార్క్‌లీ పీఠభూమి మీదను ఉన్నది అట్టి జాతి నేలయే. ఎండినప్పుడు ఇటుక, తడిసినప్పుడు జిగురు. అంతకంటె మోసకరమైనది మరొకటి ఉన్నది. నెత్తిన మబ్బు లేకున్నను అక్కడ వరద రావచ్చును. మహారాష్ట్రలో కురిసిన వానకు భద్రాచలము వద్ద గోదావరి పొంగుట మనకు కొత్త కాదు. అట్లే ఉత్తరమున పడిన వాన కూపర్ క్రీక్, డయమంటీనా ఏరుల వెంట వారముల తరబడి మెల్లగా దిగి, చినుకు పడని ఎడారి దారులను ముంచివేయును.

తారు రోడ్డు మీదనే పోవుదుమనుటయు పూర్తి రక్ష కాదు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగమున ఫిట్జ్‌రాయ్ నది వరదకు ప్రధాన రహదారి వంతెనయే ధ్వంసమైనది. కొత్త వంతెన ఆ ఏడాది డిసెంబరులో గాని తెరువబడలేదు. రైలు సంగతియు అంతే. ఒంటెలు తోలిన ఆ ముస్లిం శ్రామికుల పేరు మీదుగా గాన్ అని పిలువబడిన రైలు 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ చేరినది. వారిని అందరు ఆఫ్ఘనులని పిలిచినను, వారిలో బెలూచీలు, పంజాబీలు, సింధీలు కూడ ఉన్నారు. ఆ పాత మార్గము వరద మైదానముల మీదుగా వేయబడినందున పట్టాలు మాటిమాటికి కొట్టుకొనిపోయెడివి. తుదకు 1980లో పడమరగా వేరొక మార్గము వేసి, పాతదానిని వదలివేసినారు. ఇంజనీర్లకు యాభై ఏండ్లు పట్టినది!

వానకారు అనగా కేవలము విపత్తు అని మా భావము కాదు. ఆ నేలకు ప్రాణము ఆ వానయే. కకాడులోని జిమ్‌జిమ్ జలపాతము నిండుగా దుముకునది వానలలోనే. ఆ సమయమున దానికి పోవు దారి నీట మునిగి ఉండును. దారి తెరచునాటికి జలము సన్నగిల్లును. రెండును కావలెననువాడు విమానము నుండి చూడవలసినదే.

కావున ఉత్తర భూములకు పోవలెనన్న మే నడుమ నుండి సెప్టెంబరు లోపల పోవలెను. కింబర్లీలోని గిబ్ రివర్ దారి వంటి మట్టిదారులు వానకారులో మూసియుంచబడును. నేల ఆరినదని అధికారులు చెప్పిన తరువాతనే తెరువబడును. మూసిన దారిలో బండి నడిపినవానికి భారీ జరిమానా కలదు. అద్దె కార్లను మట్టిదారులలో నడుపరాదని ఒప్పందములలో సాధారణముగా వ్రాసియుండును. సంతకము చేయుటకు ముందు చదువవలెను. దారుల స్థితిని ఆయా రాష్ట్ర ప్రభుత్వములు ఎప్పటికప్పుడు ప్రకటించుచుండును. ఏ ఉదయమునకు ఆ ఉదయము చూడక బండి తీయరాదు. మధ్య ఎడారిలో వానకు కాలనియమము లేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాది సగటు 280 మిల్లీమీటర్లే అయినను అది ఎప్పుడు పడునో చెప్పలేము. అందుచేత ఏ కాలమున పోయినను పది దినముల ప్రయాణమునకు మూడు దినములు ఖాళీగా ఉంచుకొనవలెను. ఈ మూడు దినములకు వెచ్చించు ధనము వృథా అని మా విద్యార్థులు వాదించుట విన్నాము. నీళ్ల డబ్బా, అదనపు టైరు ఎట్టివో ఈ దినములును అట్టివే. బండి దారిలో ఆగిపోయినచో దానిని విడిచి నడువరాదను నియమము కూడ ఇక్కడనే చెప్పవలెను. బండి ఆకాశము నుండి కనబడును, మనిషి కనబడడు.

పాలకవర్గము వారికి మాదొక మనవి. విదేశములకు పోవు విద్యార్థులకు వీసా, ఫీజులు, భోజనవసతి గురించి చెప్పు సభలలో, పోవు దేశపు ఋతువుల గురించి ఒక అరగంట కేటాయింపవలెను. గ్రంథాలయమున ఆ దేశపు వర్షపాతము చూపు పటము ఒకటి వ్రేలాడదీసిన ఖర్చు స్వల్పము.

ఇక విద్యార్థి మిత్రులారా, జూన్ చివరను, జూలైలోను దొరకు సెలవు చిన్నదని, అందులో ఉలూరు, డార్విన్ రెండును కుదరవని మీరందురు. కుదరవు. ఈ ఏడు ఉలూరు చూడుడు, డార్విన్‌ను పై ఏటికి ఉంచుడు. డిసెంబరులో టాస్మేనియాకు పొండు.