డేటా తీర్చలేని తగువు

సిఫారసు వ్యవస్థ తప్పుదారి పట్టిస్తే "డేటా చాలలేదు" అనేయడం రివాజైపోయింది. ఇంకొన్ని కోట్ల రేటింగులు పోగేస్తే ఏది మంచిదో యంత్రమే తేల్చేస్తుందట. 2006లో నెట్‌ఫ్లిక్స్ పది లక్షల డాలర్ల పోటీ పెట్టింది. ప్రేక్షకుడు ఎన్ని స్టార్లు ఇస్తాడో ఊహించడంలో పొరపాటు 10 శాతం తగ్గించాలన్నది షరతు. 2009లో బహుమతి ఇచ్చేశారు. సిఫారసు అంటే గురి చూసి కొట్టడమేనన్న భావన అప్పటినుంచి మరీ గట్టిపడింది. అది తప్పు.

ఉదాహరణకి, సరోజ తల్లికి మోకాలి ఆపరేషన్ చేయించాల్సి ఉందనుకుందాం. ఒక ఆస్పత్రి గురించి వాకబు చేస్తోంది. ఆమె నమ్మేది అన్నయ్యని, స్నేహితురాలు పద్మని, ఇద్దర్నీ సమానంగా. అన్నయ్య అక్కడ వైద్యం చేయించుకున్నాడు, వద్దన్నాడు. పద్మకి సొంత అనుభవం లేదు. పద్మ నమ్మే అయిదుగురిలో నలుగురు బాగుందన్నారు, ఒకరు వద్దన్నారు. తలలు లెక్కపెడితే నాలుగుకి రెండు, వెళ్లమనే. పద్మవైపు వాళ్లలో మెజారిటీని పద్మ మాటగా తీసుకుంటే ఒకటికి ఒకటి, ఏమీ తేలదు. మూడోది యాదృచ్ఛిక నడక: సరోజ దగ్గర బయల్దేరి, ఒక్కొక్కరు నమ్మేవాళ్లలో ఎవరో ఒకరివైపు అడుగేస్తూ, స్వయంగా చూసినవాళ్లు తగిలేదాకా పోవాలి. అన్నయ్యవైపు సగం అవకాశం. పద్మవైపు సగం మళ్లీ అయిదు వాటాలవుతుంది. కూడితే వద్దనడానికి 60 శాతం, వెళ్లమనడానికి 40.

అవే ఆరు అనుభవాలు, మూడు జవాబులు. ఇందులో ఏ డేటా తక్కువైంది? ఎవరి మాటకి ఎంత విలువివ్వాలన్నదే ఇక్కడి తగువు. ఇంకో వెయ్యిమందిని చేర్చినా అది తీరదు.

2008లో బీజింగ్ వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆండర్సన్, చేయస్, టెనెన్‌హోల్ట్జ్ తదితర ఎనిమిదిమంది పరిశోధకులు ఈ తగువుని గణితంలో పెట్టి చూపించారు. సిఫారసు వ్యవస్థ పాటించాల్సిన అయిదు స్వీకృతాలు పెట్టుకున్నారు. పేరు చూసి పక్షపాతం కూడదు. ఎటూ తేలనిచోట నమ్మకస్తుడొకడు కొత్తగా బాగుందంటే సిఫారసు అటు మొగ్గాలి. సంబంధం లేనివాళ్ల మాట లెక్కలోకి రాకూడదు. నేను నమ్మేవాళ్లంతా ఒకే మాటమీదుంటే అది నా మాటగా చెల్లాలి. నమ్మకంలో హెచ్చుతగ్గుల వరస తప్పకూడదు. విడివిడిగా దేన్నీ కాదనలేం. అయినా అయిదూ కలిసి ఏ వ్యవస్థలోనూ ఇమడవు. ఏ నాలుగైనా ఇముడుతాయి. స్వీకృతాల్ని ఒక తీరులో సడలిస్తే నిలిచేది పైన చెప్పిన యాదృచ్ఛిక నడకే.

ఇదంతా కాగితంమీది గణితమని తీసిపారేసేవాళ్లున్నారు. ఎన్నికల విషయంలో ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1951లోనే ఇలాంటి అసాధ్యతను నిరూపించాడు. అక్కడ ఓట్ల లెక్కింపు పద్ధతిని ఎవరూ రహస్యంగా ఉంచనివ్వరు. సిఫారసు వ్యవస్థలు ఇచ్చే ఆస్పత్రుల వరసకి మాత్రం ఆ రహస్యాన్ని ఎందుకు ఒప్పుకుంటున్నాం? ఏదో ఒక సూత్రాన్ని వదులుకోక తప్పనప్పుడు, దేన్ని వదిలారన్నది కంపెనీ గదిలో నలుగురు కూర్చుని తేల్చేస్తున్నారు. సూత్రం బయటపెడితే మోసగాళ్లు వాడుకుంటారన్న సాకు కూడా నిలవదు: అబద్ధమాడి లాభపడే వీల్లేకుండా చేసే పద్ధతి, నెట్‌వర్క్‌లోని కనిష్ఠ ఛేదం (రెండు పక్షాల్ని విడదీయడానికి తెంచాల్సిన అతి తక్కువ లింకులు) మీద నడిచేది, ఆ ఎనిమిదిమంది 2008 పత్రంలోనే ఉంది.